ఆర్కిడ్ పిలకను తల్లి మొక్క నుంచి వేరు చేసి పెంచే విధానం

డెండ్రోబియం ఆర్కిడ్‌ను రెండు మూడేళ్లుగా పెంచుతున్నవారికి ఒకనాడు పాత కాండం మీద, కణుపు దగ్గర, రెండు లేత ఆకులతో ఒక చిన్న మొక్క కనిపిస్తుంది. కొన్ని వారాలు గడిచేసరికి దాని మొదలులో తెల్లని వేర్లు పుట్టి గాలిలోకి సాగుతాయి. ఆర్కిడ్ పెంపకందారులు దీనిని కేకీ అంటారు. అది హవాయి భాషలో పసిబిడ్డ అనే అర్థమున్న మాట. అరటి పిలకకు మన భాషలో ఉన్న మాటే దీనికీ సరిపోతుంది కనుక ఇక్కడ పిలక అనే వ్యవహరిస్తాను.

ఇంట్లో ఆర్కిడ్ల సంఖ్య పెంచుకోవాలనుకునేవారికి ఈ పిలక ఎంత విలువైనదో చెప్పడానికి దాని విత్తనాన్ని చూపితే చాలు. ఆర్కిడ్ విత్తనం ధూళి రేణువంత సన్నగా ఉంటుంది, మొలకకు కావలసిన ఆహార నిల్వ దానిలో ఉండదు, ప్రకృతిలో ఒక రకమైన శిలీంధ్రం తోడైతే తప్ప అది మొలకెత్తదు. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికన్ వృక్ష శాస్త్రజ్ఞుడు చక్కెర కలిపిన మాధ్యమంపై శిలీంధ్రం లేకుండానే విత్తనాలను మొలిపించవచ్చని చూపాక ప్రయోగశాలల్లో ఆ పని సులువైంది గాని, మన వంటింటి గట్టు మీద అది సాగేది కాదు. పిలక అయితే ఆకులతో, వేళ్లతో సిద్ధంగా దొరుకుతుంది. పైగా అది తల్లికి అచ్చమైన ప్రతిరూపం కనుక అదే రంగు పూలు పూస్తుంది.

అయితే పిలకను చూసి సంతోషించే ముందు తల్లి మొక్కను ఒకసారి పరీక్షించాలి. కుండీలో వేర్లు కుళ్లిపోయినప్పుడు కూడా మొక్క తన చివరి శక్తిని పిలకల మీద పెడుతుంది. కుండీ పక్కన తట్టి, పైపొరను కాస్త తొలగించి చూస్తే, గట్టిగా తెల్లగా ఉన్న వేర్లు ఆరోగ్యాన్ని, నొక్కితే మెత్తగా జారిపోయే గోధుమరంగు వేర్లు కుళ్లును తెలుపుతాయి. నోబైల్ జాతి డెండ్రోబియంలలో మరో కారణం ఉంది: చలికాలంలో వాటికి కావలసిన చల్లని, పొడి విశ్రాంతి దొరకక, అప్పుడు కూడా నీరూ నత్రజనీ ధారాళంగా అందితే, పూమొగ్గలు కావలసిన కణుపులు పిలకలుగా మారతాయి. తల్లి ఆకుల మీద పసుపు చారలో, గుంటలు పడిన నల్లని మచ్చలో ఉంటే ఆ పిలకను పెంచకపోవడమే మంచిది, ఎందుకంటే వైరస్ ఉంటే అది పిలకకూ సంక్రమించి ఉంటుంది, దానికి మందు లేదు.

ఈ మొత్తం పనిలో అతి కష్టమైనది ఆగడం. నేను మొదటిసారి పిలకను కోసినప్పుడు దాని వేర్లు అంగుళం కూడా లేవు, నెల ఏప్రిల్. మూడు వారాల్లో ఆకులు ముడతలు పడి ఎండిపోయింది. అప్పటి నుంచి నేను పాటిస్తున్న కొలత ఇది: కనీసం మూడు వేర్లు ఉండాలి, వాటిలో రెండైనా రెండు మూడు అంగుళాల పొడవుండాలి, రెండు మూడు ఆకులు పూర్తిగా విచ్చుకొని ఉండాలి. దీనికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. అంతకాలమూ తల్లి కాండమే పిలకకు నీరూ ఆహారమూ అందిస్తుంది కనుక, ఆ కాండం ఆకులు రాల్చి ముడతలు పడినా దానిని కత్తిరించకూడదు. గాలిలో తేమ ఉండే విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో వేర్లు వాటంతట అవే సాగుతాయి. హైదరాబాదు వంటి పొడి చోట్ల రోజూ ఉదయం వేర్ల మీద నీటిని పిచికారీ చేయాలి. అలా చేసినా వేర్ల కొనలు ఆగిపోతుంటే, పిలక మొదలు చుట్టూ తడిపి బాగా పిండిన స్ఫాగ్నం నాచును పలుచగా చుట్టి దారంతో వదులుగా కట్టవచ్చు.

వేరు చేయడానికి తొలకరి పడి ఎండ తగ్గాక, అంటే జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు, మన ప్రాంతాల్లో అనువైన కాలం. వేసవిలో కోస్తే పిలక ఎండుతుంది, చలికాలంలో కోస్తే వేరు కదలదు. కొత్త బ్లేడును, లేదా మంటలో కాల్చి చల్లార్చిన కత్తిని వాడాలి. ఒక మొక్కను కోసిన పనిముట్టుతో అలాగే మరో మొక్కను కోయడమే ఇళ్లలో వైరస్ వ్యాపించడానికి ముఖ్య మార్గం. డెండ్రోబియం పిలకను దాని కింద ఉన్న కాండం ముక్క కొంచెం అంటి ఉండేలా కోయాలి. ఇళ్లలో పెంచే మరో రకం ఆర్కిడ్ అయిన ఫెలనాప్సిస్‌లో పిలక పూలకాడ మీద వస్తుంది కనుక, దానికి పైన ఒక అంగుళం, కింద ఒక అంగుళం వదిలి కాడను కత్తిరించాలి. కోసిన గాయాల మీద దాల్చినచెక్క పొడి అద్దితే బూజు పట్టదు, కాని ఆ పొడి వేర్లను ఎండబెడుతుంది కనుక వాటిని తాకనీయకూడదు.

నాటే ముందు వేర్లను పది పదిహేను నిమిషాలు నీటిలో ఉంచాలి. వేరు పైన ఉండే స్పంజి వంటి తెల్లని పొర నీటిని పీల్చి ఆకుపచ్చగా మారుతుంది, పెళుసుదనం పోయి వంగుతుంది; అప్పుడు విరగకుండా కుండీలోకి అమరుతుంది. కుండీ మూడు అంగుళాలకు మించకూడదు, అడుగునా పక్కలా రంధ్రాలుండాలి. మట్టి ఎంత మాత్రం పనికిరాదు. మామిడి చెట్టు మీద పెరిగే మన అడవి ఆర్కిడ్లు బదనికలాగా చెట్టు రసం తాగవు, బెరడును పట్టుకొని గాలినీ వాననీ ఆధారం చేసుకుంటాయి. కుండీలో మనం ఇవ్వవలసింది ఆ బెరడు వంటి పట్టునే. బొగ్గు ముక్కలు, పెంకు ముక్కలు, కొబ్బరి పీచు ముక్కలు సమానంగా కలిపితే చాలు. కొబ్బరి ముక్కల్లో ఉప్పూ చేదూ ఉంటాయి గనుక, నీరు మారుస్తూ రెండు మూడు రోజులు నానబెట్టాలి. పిలక మొదలు మాత్రం పైకి కనబడేలా నాటి, కదలకుండా ఒక పుల్లకు కట్టాలి, ఎందుకంటే ఊగే మొక్క కొత్త వేర్ల కొనలు ఒరుసుకొని ఆగిపోతాయి.

మొదటి నెల నేరుటెండ తగలని, గాలి ఆడే చోట ఉంచాలి. ఆ తరువాత షేడ్‌నెట్ కిందికి, లేదా ఉదయపు లేత ఎండ పడే బాల్కనీకి మార్చవచ్చు. నీరు ఉదయమే పోయాలి, రాత్రికి ఆకుల మధ్య నీరు నిలిచి ఉంటే, ముఖ్యంగా ఫెలనాప్సిస్‌లో, మొవ్వు కుళ్లుతుంది. కొత్త ఆకుపచ్చ వేరు కొన కనిపించేవరకు ఎరువు వేయకూడదు. కనిపించాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువును రెండు లీటర్ల నీటికి ఒక గ్రాము చొప్పున కలిపి వారానికొకసారి పిచికారీ చేస్తే సరిపోతుంది. నత్తలు లేత వేరు కొనలను ఒక్క రాత్రిలో తినేస్తాయి, వానాకాలంలో కుండీ అడుగు భాగాన్ని తరచుగా తిప్పి చూడాలి.

పిలక దానంతట అదే రాని ఫెలనాప్సిస్ పూలకాడ మీద, పూలు రాలాక, కణుపును కప్పిన పొరను జాగ్రత్తగా తీసి బెంజైల్ అడెనిన్ అనే, మొగ్గలను చిగురింపజేసే హార్మోను ఉన్న పేస్టును చుక్కంత రాస్తే పిలకను పుట్టించవచ్చు. బలమైన మొక్కకు, అదీ ఒకే కణుపుకు చేయాలని నా అభిప్రాయం.

డెండ్రోబియం పిలక నాటిన తొలి ఏడాదిలోనే మొదలు నుంచి కొత్త కాండం లేపుతుంది. అది పిలక కాండం కంటే లావుగా, ఎత్తుగా పెరిగితే వేర్లు కుదురుకున్నట్లే, సాధారణంగా ఏడాది రెండేళ్లలో పూస్తుంది. ఫెలనాప్సిస్ మాత్రం రెండు మూడేళ్లు తీసుకుంటుంది.