కంకర ఎంత కావాలో తెప్పించే ముందే లెక్కేసుకోండి

పెరట్లో నడకదారికో, మొక్కల చుట్టూ పరచడానికో కంకర తెప్పిస్తుంటే కళ్లతో చూసి అంచనా వేయొద్దు, టేపు పట్టండి. పొడవు, వెడల్పు, మందం మూడూ అడుగుల్లో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. చాలామంది తప్పేది మందం దగ్గరే. అంగుళాలను 12తో భాగించాకే గుణించాలి.

20 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు దారికి 3 అంగుళాల మందం అనుకుందాం. 20 × 3 × 0.25, అంటే 15 ఘనపుటడుగులు. తొక్కుడుకి కంకర అణుగుతుంది, కొంత మట్టిలో కూరుకుపోతుంది కాబట్టి పదో వంతు కలిపి 16.5 అనుకోండి. బరువు లెక్కన అమ్మేచోట ఘనపుటడుగుకి సుమారు 42 నుంచి 45 కిలోలు వేసుకోవచ్చు. రాయిని బట్టి, తడిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఈ దారికి 700 నుంచి 750 కిలోలు పడుతుందన్నమాట.

తవ్విన లోతు మాత్రం ఒక్కచోటే కొలిచి వదిలేయకండి. నాలుగైదు చోట్ల చూసి సగటు తీయండి. ఇదే దారిలో ఒక్క అంగుళం లోతు పెరిగితే ఇంకో 5 ఘనపుటడుగులు కావాలి, అంటే మూడో వంతు ఎక్కువ!

వంకర టింకర స్థలమైతే చిన్న చిన్న దీర్ఘచతురస్రాలుగా విడగొట్టి కూడండి. చెట్టు చుట్టూ గుండ్రంగా అయితే వ్యాసార్ధం × వ్యాసార్ధం × 3.14, దాన్ని మందంతో గుణించడమే. నడకకి 2, 3 అంగుళాలు చాలు. బండి ఎక్కేచోట అంత పలచగా వేస్తే చక్రాల గాడులు పడతాయి, 4 నుంచి 6 వేయండి.