చలికాలపు పరుగు పందేలకు ముందు: వ్యాయామంతో వచ్చే ఉబ్బసం, జాగ్రత్తలు

నవంబరు నుంచి జనవరి వరకు బెంగళూరు బడుల్లో స్పోర్ట్స్ డేల కాలం. సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో ఆ నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీలకు దిగుతుంది. పిల్లల సాధన కూడా సరిగ్గా ఆ వేళకే మొదలవుతుంది. నెల్లూరు నుంచో విజయవాడ నుంచో వచ్చి మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామంది, అక్కడ ఏ ఇబ్బందీ లేని పిల్లవాడు ఇక్కడ పరుగెత్తి వచ్చాక ఎందుకు దగ్గుతున్నాడో తెలియక, ఈ ఊరి నీళ్ళు పడలేదని సరిపెట్టుకుంటారు.

మామూలుగా ముక్కుతో పీల్చిన గాలి వెచ్చబడి, తడి పట్టి ఊపిరితిత్తులకు చేరుతుంది. వేగంగా పరుగెత్తేటప్పుడు నోటితో పీల్చక తప్పదు కనుక చల్లని పొడిగాలి నేరుగా లోపలికి వెళ్ళి శ్వాసనాళాల లోపలి పొరలోని తేమను లాగేస్తుంది. ఆ పొర ఆరిపోయేసరికి అక్కడి కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయీన్ల వంటి పదార్థాలను విడుదల చేస్తాయి. వాటివల్ల నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. వ్యాయామంతో వచ్చే ఉబ్బసం అంటే ఇదే. ఉబ్బసం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఇది ఏదో ఒక స్థాయిలో ఉంటుంది. మామూలుగా ఉబ్బసం లేని క్రీడాకారులకూ రావచ్చు.

తల్లిదండ్రులు పొరబడేది సమయం దగ్గరే. పరుగెత్తుతున్నంతసేపూ బాగానే ఉన్న పిల్లవాడికి, ఆగిన తరువాత ఐదు పది నిమిషాలకు దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండటం, పిల్లికూతలు తీవ్రమవుతాయి. సాధారణంగా అరగంట, గంటలో తగ్గిపోతాయి. ఇంటికి వచ్చేసరికి మామూలుగా కనిపించే పిల్లవాణ్ణి చూసి బద్ధకమనో, బలం లేదనో అనుకోవడం అన్యాయం. కనుక పందెం ముగిశాక పదిహేను నిమిషాలు పిల్లవాణ్ణి గమనించే పెద్దవారు మైదానంలో ఒకరు ఉండాలి. అయితే ఇబ్బంది పరుగు మధ్యలోనే వచ్చి, గొంతు బిగుసుకుని, గాలి లోపలికి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వస్తుంటే అది స్వరతంత్రుల సమస్య కావచ్చు; దానికి ఇన్‌హేలర్ పనిచేయదు. అందుకే లక్షణాలను బట్టి ఊహించకుండా, వ్యాయామానికి ముందూ తరువాతా స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష) చేయించి నిర్ధారించుకోవడం మేలు.

డాక్టరును కలవవలసింది స్పోర్ట్స్ డే వారంలో కాదు, కనీసం నెల ముందు. నాళాల వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పూర్తి ఫలితం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. తక్షణ ఉపశమనానికి వాడే సాల్బ్యుటమాల్‌ను, డాక్టరు చెప్పిన మోతాదులో, పరుగుకు పది పదిహేను నిమిషాల ముందు తీసుకుంటే రెండు నుంచి నాలుగు గంటలు కాపాడుతుంది. అయితే అదొక్కదాన్నే రోజూ వాడుతూ పోతే దాని రక్షణ పలచబడుతుంది. రోజూ అవసరపడుతోందంటే ఉబ్బసం అదుపులో లేదని అర్థం. ఇన్‌హేలర్‌కు అలవాటు పడిపోతారన్న భయం మన ఇళ్ళలో ఇంకా పోలేదు. మృగశిర కార్తె నాటి హైదరాబాదు చేపమందును నమ్మే పెద్దలతో వాదించవలసిన పనిలేదు గానీ, దాన్ని చూసుకుని ఇన్‌హేలర్ మానేయడం మాత్రం ప్రమాదకరం. ఉబ్బసానికి ఇచ్చే మాంటెలుకాస్ట్ మాత్ర వాడుతున్న పిల్లల్లో ప్రవర్తన మార్పులు, నిద్రలో కలవరింతలు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ విషయమై తీవ్ర హెచ్చరికను చేర్చింది.

ఇన్‌హేలర్ బడి సంచిలో ఉంటే చాలదు, ఎందుకంటే సంచి తరగతి గదిలో ఉంటుంది, పిల్లవాడు మైదానంలో ఉంటాడు. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే, మందు లోపలికి బాగా చేరేలా చేసే గొట్టం) సహా సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ ఒకటి పీటీ సార్ దగ్గర ఉంచి, వాడే పద్ధతిని ఆయనకు దగ్గరుండి చూపించాలి. ఎన్ని మోతాదులు మిగిలాయో డబ్బా మీది అంకెల్లో చూసుకోవాలి; నీళ్ళలో వేసి తేలుతోందా అని చూసే పద్ధతి నమ్మదగినది కాదు.

మైదానంలో పది పదిహేను నిమిషాల పాటు మధ్యమధ్య వేగం పెంచుతూ శరీరాన్ని వేడెక్కిస్తే, కొందరికి ఆ తరువాత రెండు మూడు గంటల వరకు లక్షణాలు అంతగా రావు. ముక్కు, నోరు కప్పేలా పలుచని గుడ్డ కట్టుకోవడం చల్లగాలికి ఉపయోగపడుతుంది. రోడ్డు పక్క మైదానంలో దుమ్ము, వాహనాల పొగ, చుట్టుపక్కల వయ్యారిభామ మొక్కల పుప్పొడి ఉంటే సాధన స్థలమో, వేళో మార్చమని అడగడానికి మొహమాటపడకూడదు. దీపావళి మందుగుండు పొగ కమ్మిన మరునాడు, జలుబు చేసిన రోజుల్లో కఠిన సాధన వాయిదా వేయాలి.

ఇంత జాగ్రత్తపడినా ఉబ్బసం వస్తే పిల్లవాణ్ణి పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, స్పేసర్ ద్వారా సాల్బ్యుటమాల్ ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు, ఒక్కోదానికి నాలుగు శ్వాసల చొప్పున ఇవ్వాలి. నాలుగు నిమిషాలకూ తగ్గకపోతే అంబులెన్సు కోసం 108కి ఫోన్ చేసి, అది వచ్చేవరకు అదే క్రమం కొనసాగించాలి. మాట పూర్తి చేయలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుకోవడం, పెదవులు నీలబడటం కనిపిస్తే ఆ నాలుగు నిమిషాలూ ఆగకూడదు.

ఆటలు మాన్పించడం దీనికి మందు కాదు. 1984 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన 597 మంది అమెరికా క్రీడాకారుల్లో 67 మందికి ఈ సమస్య ఉంది. ఆ 67 మంది కలిసి 41 పతకాలు సాధించారు. పోటీల్లో పాల్గొనేవారు డోపింగ్ (క్రీడల్లో నిషిద్ధ మందుల) నిబంధనలు కూడా చూసుకోవాలి. ఇన్‌హేలర్ ద్వారా సాల్బ్యుటమాల్‌కు 24 గంటల్లో 1600 మైక్రోగ్రాముల వరకు, ఏ 8 గంటల్లోనూ 600 మించకుండా అనుమతి ఉంది. శ్వాసనాళాలను వదులు చేసే మరో మందు టెర్బ్యుటలిన్ మాత్రం నిషిద్ధం, పైగా మన మందుల షాపుల్లో దొరికే అనేక దగ్గు సిరప్‌లలో అది ఉంటుంది కనుక, కోచ్‌కు గానీ డాక్టరుకు గానీ సీసా మీది పేర్లు చూపించిన తరువాతే తాగాలి.