పాత పల్లె ఇంటి మరమ్మతు: చెమ్మ, పగుళ్లు, కుంగిన కప్పు

మట్టితోనో, రాయీ సున్నంతోనో కట్టిన రైతు ఇల్లు ఒక్కసారిగా లేచింది కాదు. పంట కలిసొచ్చినప్పుడు ఒక గది, పశువులు పెరిగినప్పుడు ఒక కొట్టం చేరుతూ వచ్చింది. అందుకే ఏ భాగం ముందుది, ఏది తర్వాతది, ఏ గదిని దేనికి వాడారు అన్నది తెలుసుకోకుండా తాపీ పట్టవద్దు.

సమస్య: గోడ అడుగున చెమ్మ, ఉబ్బి రాలుతున్న పూత

ముందు పూత ఏమిటో చూడండి. గట్టిగా, బూడిద రంగులో ఉంటే అది సిమెంటు. ఇప్పుడు మామూలుగా వాడే రకమైన పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండు తాపీ మేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందింది 1824లో. అది పల్లె ఇళ్లదాకా వచ్చింది ఇంకా చాలా తర్వాత. అంటే పాత గోడ మీది సిమెంటు దాదాపు ఎప్పుడూ తర్వాతివాళ్లు చేసిన మరమ్మతే. సున్నం, మట్టి గోడలు నేలలోని తడిని పీల్చి ఆవిరిగా వదిలేస్తాయి. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి లోపలే చిక్కి ఇంకా పైకి ఎక్కుతుంది, దాంతోపాటు వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి దాన్ని నెట్టేస్తుంది.

పరిష్కారం: సిమెంటు పూత జాగ్రత్తగా ఊడగొట్టండి. ఏళ్ల తరబడి బయట పేరుకున్న మట్టిని లోపలి గచ్చు కన్నా కిందికి తవ్వించి, చూరు నీళ్లు గోడకు దూరంగా పోయేలా చూడండి. ఆపైన ఆగాలి. అంగుళం మందం ఆరడానికి సుమారు నెల పడుతుందని పాత లెక్క, కాబట్టి మందపాటి గోడకు ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. ఆరాకే ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతో పలుచటి పొరలుగా గార వేయించండి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. ఎండకు చప్పున ఆరిపోతే ఆ పని సగంలో ఆగుతుంది, అందుకే తడి గోనెపట్టాలు కప్పాలి. తొందరపెట్టే మేస్త్రీ మాట ఇక్కడ వినకండి.

సమస్య: ఒక్క గదిలోనే, వాన లేకున్నా తడి మచ్చలు

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే. కప్పు కారదు, గొట్టం పగలదు, అయినా గాలిలో తేమ పెరిగిన రోజున గోడ చెమర్చుతుంది. ఆ గది ఒకప్పుడు పశువుల కొట్టమేమో చూడండి: నేల వాలు, మురుగు కాలువ, మూసేసిన వెడల్పాటి వాకిలి, గోడలో కట్టుగొయ్య రంధ్రాలు ఆనవాళ్లు. పేడ, మూత్రం నుంచి గోడలోకి దిగిన నైట్రేట్ లవణాలు గాలిలోని తేమను లాక్కుంటాయి. నీరు చొరనివ్వని రంగు వేస్తే ఉప్పు పోదు, పక్కకు జరుగుతుంది. కాగితపు గుజ్జో బంకమట్టో తడిపి మందంగా పట్టించి, ఆరాక తీసేస్తే కొంత ఉప్పు దానితో వస్తుంది. మిగిలినదాన్ని పీల్చుకునేందుకు మెత్తటి సున్నపు పూత వేసి, పాడయ్యాక మార్చుకోవడమే.

సమస్య: గోడలో పగులు

పైనుంచి కిందికి తిన్నగా ఉంటే, రెండు కాలాల గోడలు కలిసిన అతుకు కావచ్చు. పగులుకు అటూ ఇటూ గుర్తులు పెట్టి కొన్ని నెలలు కొలవండి. కదలకపోతే సున్నంతో నింపితే చాలు. మూల నుంచి ఏటవాలుగా సాగుతూ పెరుగుతుంటే పునాది కుంగుతున్నట్టు. ముందు నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో వెతకండి.

సమస్య: కప్పు నడుమ కుంగి, గోడలు బయటికి ఒరగడం

అటక మీద తల తగులుతోందని ఎవరైనా అడ్డదూలం కోసేశారేమో చూడండి. ఆ దూలం లేకపోతే వాసాలు గోడలను బయటికి తోస్తాయి. గడ్డి కప్పు తీసి పెంకులు వేసిన ఇంట్లో బరువూ పెరిగి ఉంటుంది. కప్పుకు ఆసరాలు నిలిపి, నిర్మాణ ఇంజనీరు సలహాతో దూలాన్నో ఉక్కు కడ్డీనో తిరిగి బిగించాలి. ఒరిగిన గోడను వెనక్కి నెట్టాలని చూడకండి.

ఈ పనిలో వాసాల మసిని గీకించేయాలని అనిపిస్తుంది. వద్దు. పొగగొట్టం లేని కాలంలో కింద పొయ్యి ఎక్కడ మండిందో ఆ మసే చెబుతుంది. దూలాల మీది బాడిస (చేత్తో కొయ్య చెక్కే పనిముట్టు) గాట్లు కూడా అంతే విలువైనవి. వంపు గీతలు కనిపిస్తే ఆ కొయ్య గుండ్రటి యంత్రపు రంపం వచ్చాక కోసినది. ఫొటోలు తీసుకున్నాకే ఏ కొయ్యనైనా మార్చండి, అదీ పుచ్చిన మేరకే కోసి అదే జాతి కొయ్యతో అతికించండి.