డ్రెసాజ్ స్వారీ – 5వ పాఠం: నడకను బాగుచేసుకోవడం

డ్రెసాజ్ అంటే గుర్రాన్ని చిన్న సైగలతో లయగా, కుదురుగా కదిలించే స్వారీ విద్య. పోయిన పాఠంలో గుర్రం కదలికతో పాటు మన నడుము కదిలేలా జీనులో కూర్చోవడం నేర్చుకున్నాం. అది ఇంకా వంటపట్టకపోతే ఈ పాఠం ఆపి, ముందు అదే సాధన చేయండి.

ట్రాట్ (రెండు చప్పుళ్ల దుడుకు నడక), కాంటర్ (మూడు చప్పుళ్ల పరుగు) కోసం చెమటోడ్చేవాళ్లు కూడా నడక వచ్చేసరికి దాన్ని విరామంగా తీసుకుంటారు. జడ్జి అలా తీసుకోరు. ప్రతి అంశానికీ 0 నుంచి 10 వరకు మార్కులు పడే డ్రెసాజ్ టెస్టుల్లో, ఎక్స్‌టెండెడ్ వాక్‌కు (అడుగు బాగా సాగదీసే నడకకు) చాలాచోట్ల రెండింతల విలువ ఉంటుంది.

ముందు అడుగుల వరస. ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు. నాలుగు చప్పుళ్లూ విడివిడిగా, సమానమైన ఎడంతో వినబడాలి. ట్రాట్‌లో ఉన్నట్టు నాలుగు కాళ్లూ గాల్లో ఉండే క్షణం నడకలో లేదు. అందుకే తరిమితే నడక బాగుపడదు. అడుగులు పొట్టివై తొందర పుడుతుంది. ఇంకా బిగిస్తే ఒకే వైపు కాళ్లు రెండూ దాదాపు కలిసి కదులుతాయి. మార్కులను బాగా దెబ్బతీసే తప్పు ఇదే. పక్కనుంచి చూస్తే తెలిసిపోతుంది: వెనక కాలు ముందుకొచ్చి, ముందు కాలు లేవబోయే క్షణంలో రెండూ కింద దగ్గరై పైన విడిపోయిన కోణంలా కనిపించాలి. ఆ కోణం లేకుండా రెండు కాళ్లూ సమాంతరంగా ఊగుతుంటే లయ పోయినట్టే.

మార్వారీ గుర్రం ఎక్కేవాళ్లకు ఒక మాట. వాటిలో చాలావాటికి రేవాల్ అనే, ఒకే వైపు కాళ్లు దాదాపు జతగా కదిలే నడక పుట్టుకతోనే ఉంటుంది. దూర ప్రయాణాల్లో రౌతుకు సుఖమిచ్చే గుణం అది. దయచేసి దాన్ని దండించి మాన్పించాలని చూడకండి. డ్రెసాజ్ నడక కావాలంటే బాగా నెమ్మదిగా, ఓపికగా నేర్పాలి.

ఇక మన చేతులు. నడిచేటప్పుడు గుర్రం తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మోచేతులు ఆ ఊపుతో తెరుచుకుంటూ ముడుచుకుంటూ ఉండాలి. చేయి బిగిస్తే మెడ ఆగుతుంది, మెడ ఆగితే వీపు బిగుస్తుంది, ఆ వెనకే అడుగు కురచవుతుంది. నేను చూసిన పాడైన నడకల్లో చాలావాటికి మూలం ఈ బిగిసిన చేతులే.

కాళ్లతో రెండు వైపులా ఒకేసారి నొక్కొద్దు. గుర్రం ఎడమ వెనక కాలు ముందుకు వచ్చేటప్పుడు దాని పొట్ట కుడివైపుకి ఊగుతుంది, మీ ఎడమ తుంటి కొంచెం దిగుతుంది. ఎడమ పిక్కతో తాకాల్సింది అప్పుడే. తుంటి కదలిక అందకపోతే గుర్రం ఎడమ భుజం చూడండి: అది వెనక్కి వస్తున్నప్పుడు తాకండి. గాల్లో ఉన్న కాలే కదా అడుగు పెంచుకోగలిగేది. కుడివైపూ ఇంతే. అడుగు సాగిందనిపించగానే తాకడం మానేయండి.

ఫలితాన్ని ఇసుకే చెబుతుంది. చదును చేసిన ఇసుకలో నడిపించి, దిగి అచ్చులు చూడండి. మీడియం వాక్‌లో (ఓ మోస్తరుగా సాగే నడకలో) వెనక గిట్ట, ముందు గిట్ట అచ్చును దాటి పడాలి. ఎక్స్‌టెండెడ్‌లో ఇంకా స్పష్టంగా దాటాలి. అడుగు పెరగడానికి నేలమీద నాలుగు కర్రలు 80–90 సెంటీమీటర్ల ఎడంతో పరిచి, పగ్గాలు వదులుగా పట్టి దాటించండి. ఎడాన్ని మీ గుర్రం అడుగును బట్టి సవరించుకోండి. లయ చెడే గుర్రాన్ని కొన్ని అడుగులు షోల్డర్-ఇన్‌లో (భుజాలను కొంచెం లోపలికి తిప్పి ముందుకు సాగడం) నడిపితే ఒక వైపు కాళ్ల జత విడిపోతుంది. కలెక్టెడ్ వాక్ (అడుగు కుదించి నడవడం) జోలికి ఇప్పుడే వెళ్లకండి. మెడ కుదించి సాధించే నడక నడకనే పాడుచేస్తుంది.

పోటీలో చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఫ్రీ వాక్ (పగ్గాలు వదులు చేసి గుర్రం మెడ చాచుకోనిచ్చే నడక) ముగిసి పగ్గాలు తిరిగి అందుకునే చోట. ఒక్కసారిగా లాగితే గుర్రం తల ఎగరేసి ట్రాట్‌లోకి దూకుతుంది. నడుము ఊపు ఆపకుండా, అంగుళం అంగుళంగా, కుడి ఎడమ మార్చుకుంటూ కుదించండి. దీన్ని ఇంటి మైదానంలో ఐమూలగానే కాకుండా ఎక్కడపడితే అక్కడ చేయించండి. ఎప్పుడూ ఒకేచోట చేస్తే గుర్రం ముందే ఊహించి బిగుసుకుంటుంది.

వచ్చే పాఠంలో నడక నుంచి హాల్ట్ (ఆగి నిలవడం), నాలుగు కాళ్లూ సమంగా నిలపడం.