గోదావరి డెల్టాలో ఎలక్ట్రానిక్ దిగుమతుల నిల్వను దిద్దుకోవడం ఎలా?

విదేశాల నుంచి కాంటాక్టర్లు (మోటార్లకు కరెంటు కలిపే, తెంచే స్విచ్‌లు), రిలేలు, ఆక్సిజన్ సెన్సార్లు, ఐసీలు (చిప్‌లు) తెప్పించి భీమవరం, అమలాపురం వైపు డీలర్లకు అందించే సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్ కొనడానికి ముందు తన సరుకును మళ్లీ వర్గీకరించుకోవాలి. విలువను బట్టి ఎక్కువవి ఏ, మధ్యస్థమైనవి బీ, తక్కువవి సీ అని విడదీయడం అంతటా ఉన్న పద్ధతే గాని, రొయ్యల చెరువులున్న చోట అదొక్కటే చాలదు. చెరువు నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది; ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరియేటర్ ప్యానెల్‌లో కాంటాక్టర్ కాయిల్ కాలిపోయి, మారుద్దామంటే డీలరు దగ్గర దొరకకపోతే, చెరువులోని పంటంతా పోవచ్చు. విలువ లెక్కలో మాత్రం ఆ కాయిల్ సీ వర్గం అడుగున ఉంటుంది. కనుక ప్రతి వస్తువుకూ అది లేకపోతే ఏం ఆగిపోతుందో చూసి అత్యవసరం, అవసరం, ఐచ్ఛికం అనే రెండో గుర్తు కూడా వేయాలి.

అత్యవసర వస్తువులకు ఆర్డరు పెట్టే స్థాయిని సరుకు చేరడానికి పట్టే సగటు గడువుతో లెక్కించకూడదు. జనవరి చివరనో ఫిబ్రవరిలోనో వచ్చే కొత్త సంవత్సరానికి చైనా కర్మాగారాలు మూతపడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానులు చెన్నై, విశాఖపట్నం రేవుల పనిని ఆపవచ్చు. ఒక కాయిల్ రోజుకు సగటున 8, గిరాకీ రోజుల్లో 12 అమ్ముడవుతుందని, సరుకు చేరడానికి మామూలుగా 45 రోజులు, ఆలస్యమైతే 70 రోజులు పడుతుందని అనుకుందాం. 12ను 70తో గుణిస్తే 840. అందులో మామూలు అవసరమైన 360 తీసేస్తే మిగిలే 480 భద్రతా నిల్వ. చేతిలో ఉన్నదీ దారిలో ఉన్నదీ కలిపి 840కి తగ్గగానే ఆర్డరు వెళ్లాలి. అన్ని వస్తువులకూ ఇలా చేస్తే పెట్టుబడి గోదాములోనే ఇరుక్కుంటుంది గనుక ఐచ్ఛిక వస్తువులను అడిగినప్పుడే తెప్పించడం మేలు.

పవర్ అడాప్టర్ల వంటి వాటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. ఆ వివరాలు ఆర్డరుకు ముందే సరిచూసుకోకపోతే సరుకు కస్టమ్స్ దగ్గరే నిలిచిపోతుంది.

మన ప్రాంతపు తేమ విషయంలో ఉదాసీనత పనికిరాదు. తేమ సున్నితత్వంలో మూడో స్థాయి ఐసీలను కవరు విప్పిన తరువాత 30 డిగ్రీలు, 60 శాతం తేమ మించని గాలిలో 168 గంటలే ఉంచవచ్చు. వర్షాకాలంలో ఏసీ లేని గోదాములో ఆ షరతు నిలవదు. చిల్లరగా అమ్మగా మిగిలిన వాటిని తేమ పీల్చే సంచి, తేమ సూచిక కార్డు పెట్టి వెంటనే సీలు చేయాలి, విప్పిన సమయం కవరు మీదే రాయాలి. గడువు దాటిన వాటిని, పీల్చుకున్న తేమ పోయేలా, తయారీదారు సూచన ప్రకారమే వేడిచేయాలి. ఐసీలు చుట్టి వచ్చే ప్లాస్టిక్ రీలు 125 డిగ్రీల వేడికి తట్టుకోదు.

ఇక లెక్కింపు. ఏడాదికోసారి గోదాము మూసి లెక్కించేకన్నా రోజూ కొన్ని అరలు లెక్కించి, తేడా కనబడితే అంకెను దిద్దే ముందు దాని కారణం రాయించాలి. వారంటీలో తిరిగొచ్చిన వస్తువులకు వేరే కోడు, వేరే అర కేటాయించకపోతే, పాడైన కాయిళ్లు కూడా స్టాకులో కొత్తవిగానే కనబడతాయి.