పడవ సీట్లు ఎండకూ నీటికీ నిలవాలంటే: రెగ్జిన్, ఫోమ్, దారం, శుభ్రత

పడవ సీటు చాలావరకు లోపలినుంచే పాడవుతుంది. పైన రెగ్జిన్ మెరుస్తూ ఉండగానే కింద ఫోమ్ నీళ్లు పట్టి, ప్లైవుడ్ ఉబ్బి, రెగ్జిన్‌ను చెక్కకు బిగించే పిన్నులు తుప్పుపట్టి ఊడిపోతుంటాయి. పాపికొండల లాంచీకైనా, విశాఖ తీరంలో తిరిగే స్పీడుబోటుకైనా సీట్లు చేయించేటప్పుడు మొదట అడగాల్సింది ఒకటే: లోపలికి వచ్చిన నీళ్లు ఎటు పోతాయి? సూది దిగిన ప్రతిచోటా నీటికి దారి ఉంటుంది కాబట్టి, నీళ్లు రానే రావు అనుకుని కుట్టిన సీటు తొందరగా కుళ్లుతుంది.

అడుగు చెక్క నుంచి మొదలుపెట్టండి. ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ గ్రేడే తీసుకోండి, 12 మి.మీ. మందం చాలు. ఇంటి ఫర్నిచర్‌కు వాడే మామూలు ప్లై తడి తగిలితే పొరలు విడిపోతుంది. నీళ్లు కిందికి పోయేందుకు ప్రతి 15 సెం.మీ.కు ఒక 12 మి.మీ. రంధ్రం వేసి, ఆ రంధ్రాల లోపలి అంచులకూ చెక్క అంచులకూ రెండు పూతలు ఎపాక్సీ (తడి దిగనివ్వని రెసిన్) వేయాలి. చాలామంది పైభాగానికి పూత వేసి అంచులు వదిలేస్తారు, నీళ్లు పీల్చేది ఆ అంచులే. హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ పలక దొరికితే ఈ బాధే ఉండదు.

ఫోమ్ విషయంలో రాజీ పడొద్దు. సోఫాలకు వాడే మామూలు స్పాంజి నీళ్లు పీల్చుకుని రోజుల తరబడి ఆరదు. ఎండావానా నేరుగా పడే సీట్లకు రెటిక్యులేటెడ్ ఫోమ్ మంచిది. దాని గదుల మధ్య గోడలు ఉండవు కనుక పైన పోసిన నీళ్లు కిందికి జారిపోతాయి. అది దొరకకపోతే నీళ్లు పీల్చని ఈవీఏ షీటు 2 సెం.మీ. కింద పరిచి, దానిపై 40 డెన్సిటీ (ఘనపు మీటరుకు 40 కిలోల బరువుండే) పీయూ ఫోమ్ వేయండి. వీపు భాగానికి 28 డెన్సిటీ సరిపోతుంది. ఫోమ్‌ను కవరు కొలత కంటే పొడవు, వెడల్పుల్లో 1 సెం.మీ. ఎక్కువగా కోస్తే కవరు బిగుతుగా కూర్చుంటుంది, ముడతల్లో నీళ్లు నిలవవు.

ఇక పై గుడ్డ. అంగట్లో రెగ్జిన్‌ను తిరగేసి వెనుక అల్లిక చూడండి. దాన్నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. కాగితం కాలిన వాసనతో బూడిదైతే అది నూలు, తడికి కుళ్లుతుంది. కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్ వంటి సింథటిక్, అది కుళ్లదు. మెరైన్ రెగ్జిన్‌లో ఎండకూ బూజుకూ తట్టుకునే మందులు కలుపుతారు. మామూలు రెగ్జిన్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఎండకు త్వరగా ఆవిరైపోయి, అది బిరుసెక్కి పగులుతుంది. పైకప్పు కింద ఉండే సీట్లకు సన్‌బ్రెల్లా లాంటి యాక్రిలిక్ గుడ్డ హాయిగా ఉంటుంది, గాలి ఆడుతుంది. కాకపోతే నీళ్లు దానిగుండా దిగుతాయి, కింద రెటిక్యులేటెడ్ ఫోమ్ తప్పనిసరి. రంగుల్లో లేత బూడిద, ఇసుక రంగు మేలు. నలుపు మీద మధ్యాహ్నం కూర్చోలేరు.

ఆరడుగుల పొడవు, 20 అంగుళాల లోతు, 4 అంగుళాల మందం ఉన్న సీటును చూద్దాం. చుట్టూ 4 అంగుళాలు దింపి, మరో 3 అంగుళాలు అడుగుకు మడవాలంటే 86 అంగుళాలు పొడవు, 34 అంగుళాలు వెడల్పు ముక్క కావాలి. 54 అంగుళాల పన్నా రెగ్జిన్ రెండున్నర మీటర్లు తీసుకుంటే, మిగిలిన పట్టీలు పైపింగ్‌కూ అతుకులకూ వస్తాయి.

దారం బాండెడ్ పాలిస్టర్ (పోగులు విడిపోకుండా పూత వేసి అతికించినది) కావాలి. నూలు కుళ్లుతుంది, నైలాన్ ఎండకు పొడిబారి తెగుతుంది. కుట్టు పొడవు 4 నుంచి 5 మి.మీ. ఉంచండి. దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు, తపాలా బిళ్ల అంచులా ఆ గీత వెంబడే చిరుగుతుంది. కుట్లు కూర్చునే భాగంలో కాక పక్కలకు రావాలి. పిన్నులు నదిలో 304, సముద్రంలో 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి, 2 సెం.మీ.కు ఒకటి. జిప్పు ఉంటే పళ్లూ లాగేదీ రెండూ ప్లాస్టిక్‌వే ఉండాలి. అడుగున రెగ్జిన్‌తో మూసేయకండి, నీళ్లు దిగిపోయేలా పీవీసీ (ప్లాస్టిక్) జాలీ బిగించండి.

సముద్రంలో తిరిగే పడవ సీట్లను ఏ రోజుకారోజు మంచినీళ్లతో కడగాలి. ఆరిన ఉప్పు గాలిలోని తేమను లాగుతూ సీటును తడిగానే ఉంచుతుంది. వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో అంట్లు తోమే ద్రవం కొద్దిగా కలిపి మెత్తని బ్రష్‌తో రుద్ది, సబ్బు పూర్తిగా పోయేలా కడిగి, పొడిగుడ్డతో తుడవండి. థిన్నర్, పెట్రోలు, కిరోసిన్ దగ్గరికి రానివ్వొద్దు. కారు డాష్‌బోర్డుకు వాడే మెరుపు పాలిష్ కూడా వద్దు. డీఈఈటీ ఉన్న దోమల మందు రెగ్జిన్ పైపూతను కరిగిస్తుంది, పడితే వెంటనే కడగాలి.

యాక్రిలిక్ గుడ్డకు బూజు పడితే 4 లీటర్ల నీళ్లలో 250 మి.లీ. బ్లీచు, 60 మి.లీ. సబ్బు ద్రవం కలిపి చల్లి, 15 నిమిషాలాగి బాగా కడగండి. రెగ్జిన్‌కు బ్లీచు పదేపదే వాడితే పైపూత పోతుంది. బ్లీచులో యాసిడ్‌గానీ టాయిలెట్ క్లీనర్‌గానీ ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

పిక్నిక్ బోట్లలో పులిహోర మరక మామూలే. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు. బాగా కడిగి ఎండలో పెడితే క్రమంగా వెలిసిపోతుంది. తెల్ల రెగ్జిన్ మీద వచ్చే గులాబీ మచ్చలు మాత్రం వేరు. తడి ఫోమ్‌లో పెరిగే సూక్ష్మజీవులు వదిలే రంగు రెగ్జిన్‌లోంచి పైకి తేలుతుంది, పైన ఎంత రుద్దినా పోదు. సీటు విప్పి ఫోమ్, రెగ్జిన్ రెండూ మార్చాల్సిందే.

చిన్న చిరుగుకు లోపలినుంచి 3 సెం.మీ. ఎక్కువగా ఉండే రెగ్జిన్ ముక్క పెట్టి, రెగ్జిన్ పైపూత పీవీసీయే కాబట్టి పీవీసీకి పనికొచ్చే జిగురుతో అతికించి, 24 గంటలు బరువు పెట్టాలి. చెప్పులకు వాడే జిగురు కొన్నాళ్లకు మెత్తబడి వదిలేస్తుంది.

వరదల్లో గోదావరి బోట్లు ఆగిపోయినప్పుడు సీట్లను విప్పి, పూర్తిగా ఆరబెట్టి, గోడకు ఆనించి నిలువుగా, మధ్యలో గాలి ఆడేలా పెట్టండి. పాలిథిన్ చుట్టొద్దు, లోపలి చెమ్మ బయటికి పోక బూజు పడుతుంది. దుమ్ము పడకుండా పాత చీర కప్పితే చాలు.