కొండ ఊట నీటి పైపులైనుకు పిగ్ తయారీ: కొలతలు, కోత, నడక

పైపు లోపలి మడ్డినీ పాచినీ నీటి ఒత్తిడితోనే తోసుకుంటూ పోయే సాధనాన్ని పైపులైను పనివాళ్ళు పిగ్ అంటారు. పారాదీప్ నుంచి బరంపురం మీదుగా హైదరాబాదుకు పోయే పెట్రోలియం లైనులాంటి వాటిలో తిరిగే పిగ్గుల తరగతి వేరు, వాటి జోలికి మనం పోనక్కర్లేదు. ఇక్కడ చెప్పేది ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల కొండ ఊళ్ళలో ఊట దగ్గర కుండీ కట్టి, పల్లం మీదుగా ఊరి ట్యాంకుకు నీళ్ళు దించే ప్లాస్టిక్ పైపుల, అంటే హెచ్‌డీపీఈ లైన్ల గురించి. చివర్లో ఇనుప లైన్ల గురించి కొంత చెబుతాం.

ఈ లైన్లలో పేరుకునేది మూడు రకాలు. వానల్లో కుండీలోకి దిగిన ఎర్రమట్టి పల్లపు మలుపుల్లో అడుగున పడుతుంది. నీటిలో ఇనుము ఉంటే గోధుమరంగు మెత్తటి పొర కడుతుంది. వాడకం తక్కువగా ఉండి నీరు నెమ్మదిగా కదిలే చోట జిగురు పాచి అంటుకుంటుంది. పల్లంలో మడ్డి వదలడానికి పెట్టే వాషవుట్ వాల్వు తెరిచి నీళ్ళు వదిలితే మట్టి కొంత పోతుంది గాని జిగురు పోదు. పిగ్ అవసరం ఆ జిగురుకే.

ముందు లైను, తరువాత పిగ్

చాలామంది ముందు పిగ్ కోసుకుని ఆ తరువాత లైను చూస్తారు. అది ఇరుక్కునేది అందుకే. లైనులో అన్నిటికన్నా ఇరుకైన చోటు ఏది, అన్నిటికన్నా వెడల్పైన చోటు ఏది అని తేలేదాకా కత్తి ముట్టుకోకూడదు.

డ్రాయింగులో 110 అని రాసి ఉంటుంది. అది పైపు బయటి కొలత. లోపలి కొలత గోడ మందాన్ని బట్టి మారుతుంది. పైపు మీద అచ్చువేసిన ఎస్‌డీఆర్ అంకెతో 110ని భాగిస్తే గోడ మందం వస్తుంది. ఎస్‌డీఆర్ 17 అయితే గోడ 6.5 మిల్లీమీటర్లు, లోపల 97. లోయ అడుగున ఒత్తిడి ఎక్కువని ఎస్‌డీఆర్ 11 వేసి ఉంటే గోడ 10, లోపల 90. గెడ్డ (కొండవాగు) దాటే చోట చాలాసార్లు నాలుగంగుళాల జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు పెడతారు. అది మీడియం రకమైతే లోపల సుమారు 105. అంటే ఒకే లైనులో 90, 97, 105 మూడూ ఉండొచ్చు. కాగితాన్ని నమ్మకుండా, పైపు బయటికి కనిపించే ప్రతి చోటా అచ్చు చదివి రాసుకోండి.

ఆ తరువాత అడ్డంకులు చూడాలి. గేట్ వాల్వూ, బెజ్జం పైపంతే ఉండే ఫుల్ బోర్ బాల్ వాల్వూ పూర్తిగా తెరిస్తే పిగ్గును పోనిస్తాయి. బటర్‌ఫ్లై వాల్వు పోనివ్వదు, దాని బిళ్ళ ఎంత తెరిచినా నడిమధ్యనే నిలబడుతుంది. నీటిని వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వు కూడా అంతే. వీటిని విప్పి ఆ ముక్క మేర ఖాళీ పైపు బిగించాలి. నీటి మీటరు ఉంటే అదీ విప్పాలి. ఒత్తిడి తగ్గించే కుండీలు మధ్యలో ఉంటే పిగ్ వాటిని దాటదు. కుండీకీ కుండీకీ మధ్య ఉన్న ముక్కను విడి లైనుగా లెక్కపెట్టుకోవాలి. వేడిచేసి అతికించిన హెచ్‌డీపీఈ కీళ్ళ దగ్గర లోపల రెండు మూడు మిల్లీమీటర్ల అంచు లేస్తుంది. మెత్తటి ఫోమ్ దాన్ని దాటిపోతుంది, గట్టిదైతే గీసుకుపోయి ముక్కలు రాలుస్తుంది. మరలు తిప్పి బిగించే 90 డిగ్రీల జీఐ ఎల్బో మాత్రం నిజంగా ప్రమాదం. వీలైతే దాన్ని తీసేసి రెండు 45 డిగ్రీల వంపులు పెట్టించండి.

వ్యాసం లెక్క

వెడల్పైన 105లో కూడా పిగ్ గోడకు ఆనాలి, ఇరుకైన 90లో కూడా నలిగి దూరాలి. 112 మిల్లీమీటర్ల ఫోమ్ తీసుకుంటే 105 కంటే 7 శాతం ఎక్కువ, 97 కంటే 15 శాతం, 90 కంటే 24 శాతం. మెత్తటి ఫోమ్ పాతిక శాతం దాకా నలుగుడు తట్టుకుంటుంది, కాబట్టి 112 సరిపోతుంది. ఇంకాస్త గట్టిగా తుడుస్తుందని 120కి పోతే 90 దగ్గర 33 శాతం నలగాలి, అక్కడే ఆగిపోతుంది. లైనంతా ఒకే 97 అయితే మాత్రం 108 చాలు.

పొడవు వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. మన లైన్లకు రెండు రెట్లకు దగ్గరగా, 200 మిల్లీమీటర్లు పెట్టుకోండి. పొట్టిదైతే రెండు చోట్ల దెబ్బతింటుంది: మలుపులో అడ్డం తిరుగుతుంది, కొమ్మ లైను విడిపోయే టీ కీలు దగ్గర ముందూ వెనకా ఒకేసారి ఆనుడు పోయి నీరు పక్కనుంచి జారిపోతే అక్కడే కూర్చుంటుంది.

ఫోమ్ కోసం బరంపురం, రాయగడ బజార్లలో సోఫా పని సామాను అమ్మే దుకాణాలు చాలు. డెన్సిటీ అడిగి కొనాలి. మొదటి దఫాకు 23, తరువాత 32, చివరికి 40. ఈ అంకెలు ఘనపు మీటరుకు కిలోలు. తుక్కు ముక్కలు జిగురేసి అతికించిన రంగురంగుల రీబాండెడ్ ఫోమ్ చవకగా, గట్టిగా ఉంటుంది. తాగునీటి లైనులో దాన్ని వాడొద్దు, రాలిన ముక్కలు కుళాయిల్లో తేలతాయి.

కోత, తయారీ

అనుకున్న వ్యాసానికి ప్లైవుడ్‌తో రెండు గుండ్రటి బిళ్ళలు చేసి, ఫోమ్ దిమ్మెకు రెండు కొసలా ఎదురెదురుగా బిగించి, పొడవాటి పల్చటి బ్లేడును రెండు బిళ్ళల అంచుల మీదుగా తిప్పుతూ కోయాలి. ఫోమ్‌ను తడిపి పిండి ఫ్రీజరులో గట్టిపడనిస్తే అంచు శుభ్రంగా వస్తుంది. వేడి తీగతో కోయడం తేలికే గాని పాలియురేతేన్ కాలితే వచ్చే పొగ విషం, మూసిన గదిలో అసలు చేయొద్దు. ముందు కొసను కొద్దిగా గుండ్రంగా చెక్కండి.

సోఫా ఫోమ్‌లో గాలి గదులన్నీ తెరిచే ఉంటాయి. వెనక ఏదీ కట్టకపోతే నీరు ఫోమ్ గుండానే పోతుంది, పిగ్ కదలదు. అందుకని వెనక కొసకు రబ్బరు బిళ్ళ కావాలి. కొత్త షీటు దొరికితే మంచిది. లారీ ట్యూబు వాడితే సబ్బుతో బాగా కడగాలి. బిళ్ళ వ్యాసం ఇరుకైన కొలత కంటే 5 మిల్లీమీటర్లు తక్కువ, అంటే 85. పిగ్ నడిమధ్యగా 8 మిల్లీమీటర్ల నైలాన్ తాడు దూర్చి, రెండు కొసలా వెడల్పాటి ప్లాస్టిక్ వాషర్లు వేసి ముడివేయండి. వెనక చిన్న ఉచ్చు వదలండి, బయటికి లాగడానికి పనికొస్తుంది. ఇనుప వాషరు, బోల్టు వద్దు. ఫోమ్ చిరిగిన రోజున అవే పైపులో మిగిలిపోతాయి.

ఇప్పుడు అందరూ మరిచిపోయే విషయం. పిగ్ గీరిన మడ్డి ఎటు పోతుంది? లోపల 97 ఉన్న పైపులో ఒక్క మిల్లీమీటరు మందాన పొర ఉంటే కిలోమీటరుకు 300 లీటర్ల మడ్డి. అదంతా పిగ్ ముందు గట్టిగా కూడితే పైపులో 40 మీటర్ల దిమ్మె అవుతుంది. పిగ్గులు ఇరుక్కునేది తమ లావు వల్ల కంటే ఈ దిమ్మె వల్లే ఎక్కువ. విరుగుడుగా రబ్బరు బిళ్ళలోంచి ఫోమ్ గుండా ముందుకు, తాడుకు చెరో పక్క, 12 మిల్లీమీటర్ల బెజ్జాలు రెండు పెట్టాలి. వెనక నీటిలో కొంత వాటిలోంచి ముందుకు చిమ్మి మడ్డిని కలిపి పలచన చేస్తుంది. రెండు బెజ్జాలూ కలిసి పైపు వైశాల్యంలో 3 శాతం. ఇంతకు మించితే తోసే బలం పోతుంది.

నీరు ఎంత కావాలి

పిగ్ సెకనుకు అర మీటరు వేగంతో, మనిషి నెమ్మదిగా నడిచినట్టు పోవాలి. 0.3 కంటే తగ్గితే మడ్డి మళ్ళీ అడుగున కూర్చుంటుంది, 1 దాటితే మలుపుల్లో దెబ్బలు. లోపల 97 ఉన్న పైపు మీటరుకు 7.4 లీటర్లు పడుతుంది. అర మీటరు వేగానికి సెకనుకు 3.7 లీటర్లు కావాలి. ఊట నిమిషానికి 30 లీటర్లు ఇస్తుంటే అది సెకనుకు అర లీటరే. కాబట్టి నేరుగా ఊట నీటితో నడవదు, నిల్వ ఉండాలి. 1,200 మీటర్ల లైనుకు దాదాపు 9,000 లీటర్లు, జారిపోయేదీ కలుపుకుని 10,000. ఆ ఊటతో అది నిండడానికి ఐదున్నర గంటలు. పై కుండీ అంత పెద్దది కాకపోతే ముందురోజే పక్కన తాత్కాలికంగా ప్లాస్టిక్ ట్యాంకులు పెట్టి నింపుకోవాలి.

అందుకే ఈ పని కార్తీకం తరువాత పెట్టుకోవడం మేలు. వానల మట్టి దిగిపోయి ఉంటుంది, ఊటలో ఇంకా జోరు ఉంటుంది. మే నెలలో మొదలుపెడితే నీరు చాలక పిగ్ సగం దారిలో నిలిచిపోతుంది.

నడపడం

ఇళ్ళ కనెక్షన్లూ కొమ్మ లైన్లూ అన్నీ మూసేయండి. పిగ్గులను ఒక రాత్రి 1 శాతం క్లోరిన్ నీటిలో నానబెట్టండి: 10 లీటర్ల నీటికి 33 శాతం బ్లీచింగ్ పౌడరు 300 గ్రాములు. పౌడరు పాతదైతే బలం తగ్గి ఉంటుంది, కొత్త సంచీ విప్పండి. ఎక్కించే ముందు ప్రతి పిగ్గునూ పిండి తూకం వేసి రాసుకోండి.

ఎక్కించే చోట, కుండీ వాల్వు తరువాత, బోల్టులతో బిగించి విప్పదగ్గ ఫ్లాంజి ముక్క ఒకటి ఉండాలి. దాని పొడవు పిగ్ కంటే కనీసం ఒకటిన్నర రెట్లు, వ్యాసం లైను కంటే ఒక సైజు పెద్దది. పిగ్గును లావు తగ్గించే రీడ్యూసరు దాటించి అసలు పైపులోకి కొస ఆనేదాకా తోయాలి. వెడల్పు ముక్కలోనే వదిలేస్తే నీరు పక్కనుంచి పోతుంది, అది అక్కడే ఉంటుంది.

పైపు నిండా నీరుండాలి, గాలి ఉండకూడదు. గుట్టల మీది ఎయిర్ వాల్వులు పనిచేస్తున్నాయో లేదో ముందే చూడండి. గాలి బుడగ ఉంటే దిగుడులో పిగ్ బాణంలా పోయి మలుపుకు కొట్టుకుంటుంది. వేగాన్ని కింది వాల్వుతో అదుపు చేయాలి, పై వాల్వు మొత్తం తెరిచే ఉంచాలి. పైన బిగిస్తే పిగ్ వెనక వాక్యూమ్ ఏర్పడి కొండ దిగుడులో పైపు చదునయ్యే ప్రమాదం కూడా ఉంది. కంప్రెసరు గాలితో తోయడం ఎన్నడూ చేయొద్దు. గాలి స్ప్రింగులా బలం దాచుకుంటుంది, పిగ్ బయటపడే క్షణంలో ఎదురుగా మనిషి ఉంటే ప్రాణం మీదికొస్తుంది.

పిగ్ ఎక్కడుందో తెలియడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పై ట్యాంకు 2 మీటర్లు బై 2 మీటర్లు అయితే, ఊట నీటిని పక్కకు మళ్ళించాక, మట్టం 10 సెంటీమీటర్లు దిగితే 400 లీటర్లు, అంటే పైపులో 54 మీటర్లు. బెజ్జాల వల్లా అంచుల వల్లా కొంత నీరు ముందుకు పోతుంది కాబట్టి నిజమైన చోటు ఈ లెక్క కంటే వెనకే ఉంటుంది. వాల్వు గుంటల దగ్గర పైపుకు ఇనుప ఊచ ఆనించి చెవి పెడితే గరగరమని దాటిపోవడం వినిపిస్తుంది. లోపల అయస్కాంతం పెట్టి పైన దిక్సూచి పట్టుకునే పద్ధతి అర మీటరు లోతు దాకా పనిచేస్తుంది. మీటరు లోతయితే ముల్లు కదిలీ కదలనట్టుంటుంది, జీఐ ముక్కల్లో అసలే పనికిరాదు.

మొదట 23 డెన్సిటీది పంపండి. అది బయటికొచ్చిన తీరే తరువాతి నిర్ణయం చెబుతుంది. ఒక పక్కే నిలువుగా చీలి ఉంటే ఎక్కడో పదునైన అంచు ఉంది. ముందు కొస నలిగి వెనక బాగుంటే మడ్డి దిమ్మె కట్టింది, ఇంకో మెత్తటిదే పంపాలి. తూకం తగ్గితే ముక్క లోపలే ఉంది, అది దొరికేదాకా కొమ్మ లైన్లు తెరవొద్దు. నీరు ఎర్రగా వస్తున్నంతసేపూ మెత్తటివే పంపి, రంగు తేలాకే 32కి మారండి. 40 చాలావాటికి అవసరం పడదు. హెచ్‌డీపీఈలో తీగ బ్రష్షు పెట్టిన పిగ్ నిషిద్ధం, అది చేసిన గీతల్లోనే మళ్ళీ పాచి ముందుగా పడుతుంది.

ఆగిపోతే

ఒత్తిడి పెంచాలనిపిస్తుంది. ఆగండి. 60 మీటర్ల ఎత్తు నీరు ఈ పైపులో పిగ్ మీద ఇప్పటికే 440 కిలోల బలం వేస్తోంది. ఇంకా తోస్తే దిమ్మె మరింత గట్టిపడుతుంది. పై వాల్వు మూసి, ఆగిన చోటికి ఎగువన ఉన్న దగ్గరి వాషవుట్‌ను నెమ్మదిగా తెరిచి వెనక ఒత్తిడి తీసేయండి. కింది నుంచి చిన్న పంపుతో నీటిని ఎదురు పంపి, ఐదారు మీటర్లు వెనక్కి జరిపి, మళ్ళీ ముందుకు. రెండు మూడు సార్లకు దిమ్మె విడుతుంది. ఎదురు తోసేటప్పుడు రబ్బరు బిళ్ళ ఊడకూడదనే తాడును రెండు కొసలా ముడివేయమన్నది. కదలకపోతే ట్యాంకు లెక్క చూపిన చోటికి కాస్త ఎగువ నుంచి తవ్వాలి. కోసే ముందు ఒత్తిడి సున్నా అయిందని రెండు వైపులా చూసుకోవాలి.

ఇనుప లైనుకైతే

ఫ్యాక్టరీల్లో, ఎత్తిపోతల్లో ఉండే ఇనుప లైనుకు గట్టి పిగ్ కావాలి. ఎనిమిదంగుళాల పైపు, గోడ 6.4 మిల్లీమీటర్లు అనుకుంటే లోపల 206. మధ్యలో 114 పైపు ముక్క, దానికి ఫ్లాంజీల మధ్య బిగించిన పాలియురేతేన్ బిళ్ళలు, గట్టితనం, రబ్బరుకు వాడే షోర్ ఏ కొలతలో, 75 నుంచి 85. ఆనే బిళ్ళలు 212, దారి పట్టే బిళ్ళలు 203. ముందూ వెనకా ఆనే బిళ్ళల మధ్య దూరం లైనులోని పెద్ద టీ నోటి కంటే ఎక్కువ ఉండాలి. పెద్ద టీల నోటికి అడ్డంగా కడ్డీలు వేయించకపోతే పిగ్ తల అందులోకి తిరుగుతుంది. వంపు వ్యాసార్థం పైపు వ్యాసానికి మూడు రెట్లుంటే ఈ నమూనా తిరుగుతుంది, ఒకటిన్నర రెట్లే అయితే మధ్య గొట్టం గోడకు తగులుతుంది. మొదటిసారి బ్రష్షు కాకుండా 196 వ్యాసమున్న అల్యూమినియం గేజి బిళ్ళ కట్టి పంపండి. అంచు వంగి వస్తే లైనులో ఎక్కడో నొక్కు ఉంది. చివర్లో పిగ్గును పట్టుకునే బ్యారెల్ తలుపు తెరిచేటప్పుడు ఒత్తిడి గేజి సున్నా చూపినా పక్కనే నిలబడాలి, రెండు బిళ్ళల మధ్య ఒత్తిడి చిక్కుకుని ఉండొచ్చు.

చివరి కడుగుడు

తాగునీటి లైను తుడిచాక క్లోరిన్ పట్టించాలి. లీటరుకు 25 మిల్లీగ్రాములు, 24 గంటలు నిల్వ. కిలోమీటరు పైపుకు 7,400 లీటర్లు కాబట్టి బ్లీచింగ్ పౌడరు 560 గ్రాములు. విడిగా బక్కెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయండి. ఆ నీటిని గెడ్డలోకి వదిలితే చేపలు చస్తాయి. గుంట తవ్వి ఎండకు రెండు మూడు రోజులు వదిలేయండి. తరువాత మంచినీరు పారించి, చివరి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్యకు వచ్చాక కొమ్మ లైన్లను ఎగువ నుంచి ఒక్కొక్కటిగా తెరవాలి. ఒక్కో కొమ్మ చివరి కుళాయిని ఫోమ్ తునకలు రావడం లేదని తేలేదాకా గుడ్డ కట్టి వదలాలి.